ఖాళీ బండిని కొలవడం మరిచిన రోజు

1991వ సంవత్సరం జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు మన గ్రంథాలయ వాహన విభాగంలో డ్రైవరుగా చేరడానికి వచ్చిన ఇరవై ఆరేళ్ల యువకులొకరు, నియామక పత్రం చూపించడానికి ముందే సంచార గ్రంథాలయ వాహనాన్ని ఒకసారి చుట్టివచ్చి, "ముందు ఎడమ టైర్లో గాలి తక్కువుందండీ" అన్నారట. ఆనాటి కార్యాలయ పర్యవేక్షకులు ఆ మాటను సాహసంగా భావించారో, శ్రద్ధగా గ్రహించారో ఎక్కడా రాసి లేదు గానీ, గాలి నిజంగానే తక్కువగా ఉన్నదని మాత్రం ఆనాటి లాగ్‌బుక్కులో ఉంది. ముప్పై మూడేళ్ల అవిశ్రాంత సేవ అనంతరం నేడు వాహన విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న ఆ పెద్దలనే మనమందరం 'టేపు బాబాయి' అని పిలుచుకుంటున్నాం. జేబులో కలం లేని బాబాయిగారిని చూసినవారు ఉన్నారు గానీ, కొలతల టేపు లేని బాబాయిగారిని చూసినవారు లేరు.

తొలి ఎనిమిదేళ్లు డ్రైవరుగా, ఆపైన మెకానిక్ బాధ్యతలు కూడా భుజాన వేసుకుని, నలభై రెండు మజిలీలకు వారంవారం పుస్తకాలు చేరవేసిన ఆ కాలంలో వారు ఏర్పరచిన నియమాలు మన షెడ్డులో నేటికీ అమలులో ఉన్నాయి. బండి తీయక ముందు ఇంజను ఆయిలు చూడాలి. ప్రతి చక్రం బోల్టునూ చేత్తో తడమాలి. స్టార్టు చేశాక ఒక నిమిషం పాటు ఎవరూ నోరు విప్పకుండా ఇంజను చప్పుడు వినాలి. ఆ నిమిషంలో పొరపాటున మాట్లాడిన సంచాలకులవారిని సైతం వేలు చూపి ఊరుకోబెట్టిన ధీరత్వం వారిది. "బండి తనంతట తాను చెప్పదండీ, మనమే అడగాలి" అని అనంతరం వినయంగా సంజాయిషీ ఇచ్చుకున్నారు.

2006లో పాత వాహనం చట్రం బీటలు వారి, ఇక రోడ్డెక్కడం అసాధ్యమని తేలింది. సంచార సేవ అవసరమా అని పెదవి విరిచిన కార్యవర్గం, ఎట్టకేలకు కొత్త వాహనానికి అనుమతిస్తూనే ఒక మెలిక పెట్టింది: సెప్టెంబరు ఇరవై తొమ్మిదిలోగా రిజిస్ట్రేషను పూర్తికాకపోతే అనుమతి రద్దవుతుంది, సంచార సేవ శాశ్వతంగా ఆగిపోతుంది. సంచాలకులవారి మనసేమో పొడవాటి బస్సు మీద ఉంది.

"బస్సు బావుంటుందండీ, కాదన్ను. కానీ సగం సందుల్లో మలుపు తిరగదు" అన్నారు బాబాయిగారు.

"తిరక్కపోతే మెయిన్ రోడ్డు మీదే ఆపండి. కావాల్సినవాళ్లు నడిచొస్తారు."

"నడవగలిగినవాళ్లు ఈ బిల్డింగు దాకానే వస్తారు కదండీ. రాలేనివాళ్ల కోసమే కదా బండి!"

సంచాలకులవారికి ఆ మాట గుచ్చుకున్నా, ఫైలు మూయలేదు. బాబాయిగారు రెండు వారాలు సెలవు పెట్టి, కాలికి బలపం కట్టుకుని నలభై రెండు మజిలీలూ తిరిగి, ప్రతి సందు వెడల్పూ, ప్రతి మలుపూ టేపుతో కొలిచారు. కిరాణా కొట్టు కాటా మీద వంద పుస్తకాలు తూచి, మూడు వేల పుస్తకాల బరువు పన్నెండు వందల కిలోలని లెక్కతేల్చారు. అంత బరువునూ మోస్తూ సందుల్లో తిరగగల మధ్యరకం ట్రక్కును, వెనుక గట్టి స్ప్రింగులు గలదాన్ని ఎంపిక చేసి, "ఈ బండి నా మాట మీద కొనండి, తేడా వస్తే పూచీ నాది" అని ఫైలు మీద స్వహస్తాలతో రాసి సంతకం చేశారు.

బాడీ కట్టించడంలోనూ వారి పట్టు తక్కువది కాదు. బ్రేకు వేసినప్పుడు పుస్తకాలు జారకుండా అరలను వేలెడంత వెనక్కి వంచి బిగించారు. ఉక్కపోత తగ్గడానికి పైకప్పు వెనుక భాగంలో పైకి పొడుచుకొచ్చే గాలిగూడు పెట్టించారు. ఎక్కే మెట్టు ఎత్తు ఎంతుండాలో ఏ పుస్తకంలోనూ దొరకక, ఇంటి ముందు ఇటుకలు పేర్చి, వారం రోజుల పాటు అత్తగారిని ఎక్కించి దించారు. "అల్లుడుగారూ, ఇంకో రెండు వేళ్లు తగ్గించండి, మోకాలు ఒప్పుకోవట్లేదు" అని ఆవిడ అన్నాకనే మెట్టు ఖాయమైంది.

ఇక ఈ వీడ్కోలు సంచికలో తప్పక చేర్చవలసిందిగా బాబాయిగారే ఆదేశించిన సంఘటన. బాడీ కట్టిన చోటనే అరలు సరిచూడటానికి పుస్తకాలన్నీ సర్దించి, అలాగే బండి ఎత్తు కొలిచి, మన షెడ్డు ద్వారం మీది దూలానికీ దానికీ మధ్య అరంగుళం ఖాళీ ఉందని తేల్చి, సగర్వంగా లోపలికి తెచ్చి నిలబెట్టారు. ఇరవై ఎనిమిదో తేదీన మా కేటలాగు విభాగం వారు నంబర్లు వేయడానికి పుస్తకాలన్నీ దింపారు. మరునాడు పదకొండు గంటలకు రవాణా కార్యాలయంలో రిజిస్ట్రేషను తనిఖీ. అక్కడికి బండి ఖాళీగానే వెళ్లాలి. అదే ఆఖరి రోజు.

ఉదయం తొమ్మిదిన్నరకు బాబాయిగారు బండిని ముందుకు కదిలించి, ముప్పాతిక భాగం బయటికి తేగానే పైన కర్రుమని చప్పుడైంది. గాలిగూడు దూలానికి తగిలింది. బండిని రెండడుగులు వెనక్కి తీసి దిగి, టేపు తీసి ఒకసారి కొలిచారు. మళ్లీ కొలిచారు. బరువు దిగిన స్ప్రింగులు మూడంగుళాలు పైకి లేచాయి. పదిహేనేళ్లుగా అందరి కొలతలనూ సరిదిద్దిన మనిషి, అత్తగారి మోకాళ్లకు సరితూగిన ఆ మెట్టు మీదే కూలబడ్డారు. ఫైలు మీద తాము రాసిన వాక్యం, సందుల్లో తాము మాటిచ్చి వచ్చిన ముఖాలు ఆ క్షణాన తమ కళ్లముందు కదిలాయని వారు తరువాత చెప్పారు.

సంచాలకులవారు పరుగున వచ్చారు. "ఏమైంది? బండిలో లోపమా?"

"బండి బంగారం లాంటిదండీ. లోపం నాది. నిండు బండిని కొలిచి, ఖాళీ బండి సంగతి మర్చిపోయాను."

ఆ మాటలో సాకు లేదు, నసుగుడు లేదు. టైర్లలో గాలి తీద్దామని ఎవరో అన్నారు. మళ్లీ నింపే యంత్రం రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆ టైర్లతో అక్కడిదాకా నడిపితే కొత్త టైర్లు పాడవుతాయని బాబాయిగారు తల అడ్డంగా ఊపారు. పుస్తకాలు మళ్లీ ఎక్కించాలంటే మూడు గంటలు పడుతుంది. అందరూ తలలు పట్టుకున్న ఆ వేళ మా కేటలాగు అక్కయ్యగారు ముందుకొచ్చారు.

"పుస్తకాలు ఎక్కడానికి టైము పడుతుంది సరే. మనకి కాళ్లున్నాయిగా! ఎక్కండెక్కండి!"

ఎక్కాం. గుమాస్తాలు, అటెండర్లు, పాఠకులిద్దరు, ఈ వాక్యాలు రాస్తున్న మనిషితో సహా ఇరవై ఒక్కమంది. బాబాయిగారు కొలిచి, "ఇంకొక్కరు కావాలి, కాస్త ఒళ్లున్నవాళ్లు" అన్నారు. ఎవరూ ఎవరి వైపూ చూడని ఆ క్షణంలో సంచాలకులవారు గొంతు సవరించుకుని మెట్టెక్కారు. వారి భారీ వ్యక్తిత్వం సంస్థకు అంత ప్రత్యక్షంగా తోడ్పడిన సందర్భం మరొకటి లేదు.

"ఎవరూ లేవకండి. నవ్వకండి కూడా, బండి ఊగుతుంది!" అంటూ బాబాయిగారు అంగుళం అంగుళంగా ముందుకు నడిపారు. గాలిగూడు దూలం కింది నుంచి చప్పుడు లేకుండా జారుకుంది. అందరం కిందకు దూకి చప్పట్లు కొడుతుంటే, వారు మాత్రం చేతులు జోడించి, నేరుగా తనిఖీకి బయలుదేరారు. పదకొండుకు ఐదు నిమిషాల ముందే చేరారు. సంచార సేవ నిలిచింది.

ఆ వారంలోనే దూలం మీద ఎర్రరంగుతో 'ఖాళీ బండి ఎత్తు' అని తామే రాశారు. 2012లో విభాగాధిపతులయ్యాక, కొత్తగా చేరిన ప్రతివారికీ తొలిపాఠంగా తమ పొరపాటునే బోధించారు. ఆ బండి పద్దెనిమిదేళ్లు నడిచింది. దారిలో ఆగిపోయింది రెండేసార్లు, ఆ రెండుసార్లూ ఎదురుచూస్తున్న మజిలీకి సాయంత్రంలోగా చేరింది. గత నెలలో దాని స్థానంలో కొత్త వాహనాన్ని ఎంపిక చేసే బాధ్యత, వారి వద్దనే పని నేర్చుకున్న మెకానిక్ సోదరిది. బాబాయిగారు వేసిన ప్రశ్న ఒక్కటే.

"ఖాళీగా కొలిచావామ్మా?"

"రెండు రకాలుగానూ కొలిచాను బాబాయ్. డైరెక్టరు గార్ని ఎక్కించే పనుండదు."

బాబాయిగారు పకపకా నవ్వారు. తరువాత చాలాసేపు టైర్లు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడ్డారు.

ఈ సాయంత్రం ఆ పాత బండిలోనే వారిని ఇంటికి సాగనంపుతున్నాం. నాడు ఎక్కినవారిలో మిగిలిన తొమ్మిదిమందిమీ మళ్లీ ఎక్కుతాం. ఇంటి ముందు వారు దిగగానే స్ప్రింగులు వెంట్రుకవాసి పైకి లేస్తాయి; బయటివారి కంటికి ఆనదు, మాకు మాత్రం తెలుస్తుంది. ఇన్నేళ్లూ మేము నిండు బండినే కొలుచుకుంటూ వచ్చామని, బాబాయిగారు లేని షెడ్డును కొలవడం ఎవరికీ తోచలేదని చెప్పుకోవడానికి మేమూ సిగ్గుపడటం లేదు.

ఇకపై ఇంట్లోని తలుపులనూ బీరువాలనూ టేపు బారి నుంచి కాపాడుకునే భారం పిన్నిగారిది. వారి వీధి మన పదిహేడో మజిలీ. ప్రతి మంగళవారం నాలుగు గంటలకు బండి వస్తుంది. కొత్త బండికీ అత్తగారు ఖాయం చేసిన ఎత్తులోనే మెట్టు పెట్టాం. బాబాయిగారు నిండు ఆరోగ్యంతో, పిన్నిగారి చేయి పట్టుకుని, నూరేళ్లు నిండేదాకా ప్రతి మంగళవారం ఆ మెట్టు ఎక్కాలనీ, మోకాలు ఒప్పుకోని రోజు వస్తే ఆ మాట మాతో చెప్పాలనీ కోరుకుంటున్నాం. ఇంకో రెండు వేళ్లు తగ్గిస్తాం.