గొట్టంలో పైజామా

ఫిల్టరు మార్చాలి, బర్నర్లు తుడవాలి, మంట రంగు చూడాలి. కెనడాలోని విన్నిపెగ్‌లో హెల్గా ఇంటి నేలమాళిగలో మెకానిక్ డోరీన్ మొదట మంటే చూసింది. చూసీ చూడగానే ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేసు ఆపేసింది.

"ఆపేశావేంటమ్మాయ్! బయట మైనస్ ముప్పై!"

"మంట పసుప్పచ్చగా ఉంది పెద్దమ్మా. నీలంగా ఉండాలి. తలనొప్పి ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు రోజులు. నేను చెప్పనేలేదే!"

"కణతలు నొక్కుకుంటున్నారుగా. బయటి గాలి వచ్చే గొట్టంలో ఈ గుడ్డేంటి?"

"మా ఆయన పాత పైజామా. చలిగాలి కొడుతోందని కుక్కాను. పోయాక కూడా పనికొస్తున్నాడనుకున్నా."

"మిమ్మల్ని ఆయన దగ్గరికే పంపేది! ఆ గాలి మంట కోసం. అది చాలకపోతే గ్యాస్ సరిగ్గా కాలక విషవాయువు పుడుతుంది. దానికి వాసన కూడా ఉండదు. పదండి, తలుపులు తీసి డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నువ్వు కూడానా? ఇవాళ నువ్వు చూడాల్సిన మిగతా ఇళ్లో?"

"ఫోన్ చేసి చెబుతా."

ఆస్పత్రిలో రక్తపరీక్ష చూసిన డాక్టరు, ఇంకో రాత్రి గడిస్తే కష్టమయ్యేదన్నాడు. సాయంత్రం డోరీన్ గొట్టంలోని పైజామా లాగేసి మళ్లీ వెలిగిస్తే మంట నీలంగా నిలబడింది. హెల్గా ఇంకా బతికే ఉంది. వెచ్చని ఇంట్లో నిద్రపోయేవాళ్లు డోరీన్‌ను ఒక్కసారి తలుచుకోండి.