ఎర్రగడ్డల షెడ్డులో కుంపటి

హలో… ఆ, నేనే, సబ్హాన్ కోల్డ్ స్టోరేజీ ఖాజావలిని. ఎవురు? … నూర్, నువ్వా! వఫ్రా తోట నుంచేనా? ఏందిరా ఇంత పొద్దున్నే?

… మంచు పడిందా? మళ్లంతా తెల్లగానా! పీకిన చిన్న ఎర్రగడ్డలు యాడుండాయి? … షెడ్డులోనా. అయితే భయం లేదు. ఎండిన ఉల్లిగడ్డ చలికి చెడదు. గాలి తగుల్తా ఉంటే చాలు—

… తలుపులు మూసినారా? ఎవురు మూయమన్నారు? … కఫీలా? ఆ అరబ్బు యజమానికేం తెలుసురా! మూస్తే చెమ్మ పట్టి కుళ్లిపోతాయి. పోయి తెరువు.

… ఏందీ? లోపల బొగ్గుల కుంపటి పెట్టినారా? గడ్డలకు వెచ్చగా ఉండాలనా! … రాత్రి నుంచీనా? … పోనీలే. లోపలుండేది గడ్డలే గదా.

… ఏందీ? లోపల మనిషి గూడా ఉండాడా?

… అల్లాబకష్ చాచానా? నిప్పు ఆరిపోకుండా చూడమని… ఆడనే పండుకున్నాడా? … చాయ్‌కి గూడా రాలేదా. పిలిచినావా? … పలకలేదా!

నా మాట విను. ఫోన్ పెట్టేయాకు, బల్లమీద అట్లే ఉంచి ఉరుకు. తలుపులన్నీ బార్లా తెరువు. ఆ బొగ్గుగాలి మనిషిని నిద్రలోనే మింగేస్తాది. నువ్వు లోపల నిలబడాకు, చాచాను బయటికి ఈడ్చుకొని రా. గడ్డలు పోతే పోనీ. ఉరుకు!

…

… నూర్? హలో?

… ఆ, చెప్పు, చెప్పు! … ఊపిరుందా? యా అల్లా… కండ్లు తెరిచినాడా! గాలిలోనే ఉండనీ. పికప్ తీయమను, ఆసుపత్రికి— … మాట్లాడినాడా? ఏమన్నాడు?

… బుల్లిరాజా? ఏ బుల్లిరాజు? … గొర్రెలు కాసేదానికి మొన్న దిగినోడా, ఆ గోదావరాయన? … ఆయన గూడా లోపలేనా!

… డేరాలో చలికి తట్టుకోలేక వచ్చినాడా. మూటల వెనక… నువ్వు చూడలేదా?

… సరే, సరే, నీకేం తెలుసు. ఎవురన్నా పోయినారా లోపలికి? … నువ్వూ ఉరుకు నూర్! నేనుంటా లైన్లో.

…

…

హలో? … నూర్… ఏడ్వాకురా, చెప్పు. … బయటికి తెచ్చినారా? … ఊఁ. … దుప్పటి కప్పినారా. మంచిపని చేసినారు, వెచ్చగా ఉంటాది.

…

మొగం మీద గూడానా?