పాటకు కుదిరిన పళ్లు: శ్రీ పరంజ్యోతి గారికి అభినందన

1992 జూన్ 8వ తేదీ సోమవారం ఉదయం ఆళ్లగడ్డ నుంచి తొలి బస్సులో వచ్చి, నంద్యాలలోని మన దంతవైద్యశాలలో సాంకేతిక సహాయకులుగా చేరిన శ్రీ పరంజ్యోతి గారు, ముప్పై నాలుగేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారితో ఏడేళ్లు కలిసి పనిచేసిన దంతవైద్యురాలిగా ఈ నాలుగు మాటలు రాయడం నాకు పరమానందదాయకం.

మైనం కరిగించి, అచ్చు పోసి, ఒక్కొక్క పన్నునూ చేతితో అమర్చే విద్యను వారు నాటి సీనియర్ నరసింహులు గారి వద్ద అభ్యసించారు. 2004లో మన ఆళ్లగడ్డ శాఖ బాధ్యత స్వీకరించారు. కట్టుడు పళ్ల కోసం రోగులు ఐదారుసార్లు తిరగవలసిన ఆ కాలంలో, దూరప్రాంతాల వారిని సాగనంపిన తరువాతే వారు భోజనానికి లేచేవారు.

2019లో నోటి ఆకృతిని కెమెరాతో చిత్రించే స్కానరు, పళ్లను రూపొందించే ప్రింటరు నంద్యాలకు వచ్చినప్పుడు, వారిని తిరిగి ఇక్కడికి పిలిపించారు. వారికప్పుడు యాభై మూడేళ్లు. "ఏందమ్మా ఇది, యాడ నొక్కినా బొమ్మ తలకిందులైతాంది!" అని మొదటి వారం మాతోపాటు తామూ నవ్వారు. మూడు నెలలు తిరిగేసరికి మాకే పాఠాలు చెప్పసాగారు.

2022లో గోస్పాడు మండలం నుంచి బాలమ్మ గారు వచ్చారు. వరినాట్ల వేళ పదిమందికి పాట ఎత్తి ఇచ్చే మనిషి. పళ్లన్నీ పోయాక మాట తడబడి, పాట మానేసి, నలుగురిలోకి రావడమే మానుకున్నారు. కొలత కోసం నోట్లో అచ్చు తీసే ముద్ద పెట్టగానే వాంతి వచ్చి, అంతకుముందు రెండుచోట్ల నుంచి లేచి వెళ్లిపోయారట.

"ఆ ముద్ద పెడ్తే నా పానం పోతాది నాయనా. ఇంటికి పోతా."

"ముద్ద ల్యాదమ్మా, ఈ కెమెరా ఒకటే. వద్దనుకుంటే చెయ్యెత్తు, ఆపేస్తా," అన్నారు పరంజ్యోతి గారు.

ఆమె రెండుసార్లు చెయ్యెత్తారు. రెండుసార్లూ వారు ఆపారు. కొలత పూర్తయింది. అయితే ప్రింటరు నుంచి వచ్చిన తొలి సెట్టు ఆమె నోరు తెరవగానే పైకి లేచింది.

"ఏందప్పా, నాకంటే ముందు పళ్లే మాట్లాడ్తాండాయి!" అన్న బాలమ్మ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పరికరాన్ని నిందించబోయిన నన్ను వారు వారించారు. "తప్పు మిషన్‌ది గాదు డాక్టరమ్మా, నాది. చిగురు చూసినా గానీ, పాడేటప్పుడు పెదిమ యాడికి పోతాదో చూడల్యా."

అప్పుడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పాడమన్నారు. సిగ్గుపడుతూనే ఆమె ఒక నాటు పాట మొదలుపెట్టగా, పెదవి, నాలుక, బుగ్గ కదిలే తీరును అద్దం పట్టి పరిశీలించి, తెరమీద అంచులను వెంట్రుకవాసి చొప్పున సవరించారు. మర్నాడు కొత్త సెట్టు పెట్టుకుని ఆమె పాట ఎత్తుకోగానే, వరండాలోని రోగులు వంత పాడారు. ఆపైన ఆమె ఉడకబెట్టిన వేరుశనగ బుడ్డలు నములుతూ, "ఇంగ నన్ను యా మడికాడికన్నా పిలవండి!" అన్నారు. ఆ వారమే నాట్లకు వెళ్లారు. నేటికీ వెళ్తున్నారు.

నూతన సాంకేతికత రోగి వేదనను, ప్రయాణాలను తగ్గించిన మాట నిజం. దానిని మనిషి బతుకుకు అతికినట్టు మలచడం మాకు నేర్పినది పరంజ్యోతి గారు. డోన్‌లో ఒక పెద్దాయన బస్సులో పళ్ల సెట్టు మరచిపోయి ఫోను చేస్తే, దాచి ఉంచిన చిత్రంతో వారం తిరక్కుండానే మరో సెట్టు పంపి, "ఈసారి నోట్లోనే పెట్టుకో అన్నా!" అన్నదీ వారే.

మాన్యులు పరంజ్యోతి గారికి, వారి శ్రీమతి ఆదెమ్మ గారికి ఆయురారోగ్యాలు, మనశ్శాంతి సమృద్ధిగా లభించాలని మా అందరి హృదయపూర్వక ఆకాంక్ష. వేలమందికి పళ్లు అమర్చిన మీరు తొంభై దాటిన తరువాత కూడా, ఆదెమ్మ గారు చేసిపెట్టే కారాలను మీ సొంత పళ్లతోనే కరకరలాడిస్తూ ఉండాలి!

– డాక్టర్ భానుప్రియ, నంద్యాల