మహిపాల్ తెల్ల వ్యాను

దాక్కునుడెందుకు సారూ? ముందుగాల నాకు గీ ముచ్చట చెప్పుండ్రి. మీ ట్రాఫిక్ పోలీసోళ్ళు తెల్ల వ్యాను తెచ్చి ఆగిన లారీల ఎన్క పెట్టుడు, ఎన్క తలుపు జర్రంత తెరుసుడు, ఆ సందులకెల్లి స్పీడు కెమెరా మూతి బయటికి పెట్టుడు! ప్రాణాలు కాపాడెటోనికి గంత చాటు ఎందుకు? మనిషిని కాపాడెటోడు కండ్ల ముందట నిలబడుతడు. దాక్కునేది వేటగాడు.

లే సారూ, ఠాణకు చలానా కట్టనీకి రాలే. నాకు బండే లేదు, చలానా ఏడికెల్లి వస్తది? అరవై నాలుగేండ్లొచ్చినయి. మంది బండ్లకు గాలి కొట్టుడే తప్ప నా బండికి కొట్టుకున్నది లేదు.

రామస్వామి నా పేరు. నాచారం నుంచి మల్లాపూర్ పోయే రోడ్డు మీద, బడికి ఎదురుంగ పంచర్ దుకాణం నాది. మీరు కొత్తగ వచ్చిన్రు, మీకు తెల్వదు. ఆ రోడ్డు మీద ఎవలనన్న అడుగుండ్రి, ఎర్రగుడ్డ రామస్వామి అంటే వేలుపెట్టి చూపెడ్తరు. అంటే... చూపెడ్తుండె.

వద్దు, కూసోను. నిలబడుడు నాకు అలవాటే. పదహారేండ్లు నిలబడ్డ.

డెబ్బై ఎనిమిదిల మోత్కూరు దిక్కుకెల్లి వచ్చి దారం మిల్లుల చేరిన సారూ. సమ్మె చూసిన, లాకౌట్ చూసిన, పద్నాలుగు నెలలు గంజి తాగి గేటు ముందట కూసున్న. లాఠీ దెబ్బ గిక్కడ, ఈ మోచేతి మీద, ఇంకా చలికాలం గుంజుతది. మిల్లు మాత్రం మూతబడ్డది.

మూతబడక ముందటేడు, మా పరంధామయ్య రెండో షిఫ్టుకు వస్తూ రోడ్డు దాటుతుంటె లారీ కొట్టింది. నా పక్క మిషిని ఆయనది. చెప్పులు ఒక దిక్కు, టిఫిన్ డబ్బ ఒక దిక్కు, ఆయన ఇంకో దిక్కు. తెల్లారి నేను యూనియన్ జెండ చింపి కట్టెకు కట్టిన, రోడ్డు నడుమ నిలబడ్డ. జెండ చింపినవని యూనియనోళ్ళు తిట్టిన్రు. తిట్టనీ అన్న.

ఎవలు పిలువలే, ఎవలు జీతమియ్యలే. పొద్దుగాల ఫ్యాక్టరీలకు పోయే ఆడోళ్ళు, బడికి పోయే పిల్లలు, మల్ల నాలుగింటికి వాపస్ వచ్చేటోళ్ళు. గుడ్డ లేపితె ట్యాంకరైనా ఆగాలె. తెలంగాణ ఉద్యమంల రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటలు వండిన్రు సూడుండ్రి, ఆ దినం గూడ నేను పొగల నిలబడి పిల్లలకు తొవ్వ ఇప్పించిన.

ప్రతి జనవరి ఇరవై ఆరుకు బడిల నాకొక శాలువ కప్పుతుండె. ఇంట్ల పెట్టె నిండింది. మా ముసల్ది, "గీ శాలువలతోని ఏం జేస్తవ్, దుకాణం పెడ్తవా?" అంటుండె. అననీ. కప్పినప్పుడు చప్పట్లు కొడ్తుండె గద సారూ, అది దానికేం తెలుసు?

ఇగ పోయిన దసరా ఎల్లినంక మీ వ్యాను వచ్చింది. అండ్ల మహిపాల్ అనే కానిస్టేబుల్.

మంచోడే. నేను చెడ్డోడని అంటలేను. ఇస్త్రీ బట్టలు, నల్ల అద్దాలు, పక్కన సల్ల నీళ్ళ సీస. చేసే పనేంది? కుర్చీల కూసోని బొత్తాం ఒత్తుడు! పది దినాలకు బండోని ఇంటికి ఫోటో పోతది, నువ్వు గింత స్పీడుల పోయినవ్, వెయ్యి రూపాయలు కట్టు అని. అంతే. నేను పదహారేండ్లు ఎండల నిలబడి చేసిన పని ఆయన నీడల కూసోని నెలరోజుల్ల చేసిండు.

బండ్లన్ని నెమ్మదైనయి సారూ. అబద్ధమెందుకు చెప్పాలె. ట్రాలీ ఆటోలోళ్ళు గూడ పెండ్లి ఊరేగింపు పోయినట్టు పోతుండె.

ఒకనాడు రెండో తరగతి పిల్ల చెయ్యి పట్టుకోని దాటిస్తున్న. చెయ్యి ఇడిపించుకున్నది. "వద్దు తాతా, పోలీసంకుల్ ఉన్నడు గద," అన్నది. గింతంత పిల్ల! నా గుడ్డ దిక్కు సూడనే సూడలే.

మా హన్నా ఉన్నది. ఆలేరు దిక్కోళ్ళు. మల్లాపూర్‌ల మందుల డబ్బలు కట్టే కంపెనీల పనిచేస్తది, మొగడు లేడు, బిడ్డ షైనీ ఇంటర్ చదువుతున్నది. నన్ను మామ అని పిలుస్తది. ప్రతి క్రిస్మస్‌కు కేక్ కోసినంక మొదటి ముక్క నాకే తెస్తుండె. "మామా, నువ్వు తొవ్వ ఇప్పిస్తెనే గద మేం బతికి ఇల్లు చేరేది," అంటుండె. పోయిన క్రిస్మస్‌కు గూడ పళ్ళెం పట్టుకోని వచ్చింది. నేను చేతులు కడుక్కోని నిలబడ్డ. ఆమె నన్ను దాటి సక్కగ వ్యాను కాడికి పోయింది. మహిపాల్‌కు ఇచ్చి, నవ్వి, ఏదో మాట్లాడి, అప్పుడొచ్చింది నా కాడికి.

ముక్క పెద్దదే సారూ. కాని రెండోది.

నవ్వుండ్రి. ముసలోడు కేక్ కోసం ఏడ్చిండని నవ్వుండ్రి. జనవరి ఇరవై ఆరు గూడ చెప్త, అప్పుడు ఇంకింత నవ్వుదురు. బడోళ్ళు నన్ను పిలిచిన్రు. ఉతికిన అంగీ తొడుక్కోని పోయిన. ఎందుకు పిలిచిన్రు? గాలికి టెంటు లేస్తున్నదట, కట్టె పట్టుకోవాలెనట! నేను కట్టె పట్టుకోని నిలబడి ఉంటె, నా కండ్ల ముందట శాలువ మహిపాల్ భుజం మీద కప్పిన్రు. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. నేను కొట్టలే. చేతుల కట్టె ఉండె గద.

ఆ దినం నుంచి రోడ్డు మీద కనబడ్డోనికల్ల చెప్పిన, ఇది ప్రాణాల కోసం కాదు, పైసల కోసం అని. దినానికి గిన్ని కేసులు రాయాలెనని పైకెల్లి హుకుం ఉంటదట అన్న. నాకేం తెలుసు? ఎవడు చెప్పిండు నాకు? కడుపు మండినంక నోటికొచ్చిన మాట అది. తర్వాత దానికి లా పాయింట్లు వెతుక్కున్న.

అవ్, గదే చెప్తున్న, గబరపడకుండ్రి. జూన్ దాంక నాలుగు నెలలు ఆ రోడ్డు మీద మీకు కేసులు పడకపోయె గద? ఎందుకు పడలే? నేనే సారూ.

వ్యానుకు రెండు వందల గజాల ముందట ఫ్యాక్టరీ గోడ మలుపున్నది. గుడ్డ పట్టుకోని ఆడ నిలబడ్డ. బండి రాంగనే గుడ్డ ఊపుడు, రెండు వేళ్ళు కండ్ల కాడ గుండ్రంగ పెట్టి చూపెట్టుడు. కెమెరా ఉన్నది బిడ్డా, నెమ్మది! ముందుగాల సమజ్ కాలే. ఒక్కనికి సమజైతే చాలు, పదిమందికి చెప్తడు.

మస్తు ఇజ్జత్ ఇచ్చిన్రు. "సలాం చాచా!" "నువ్వు దేవునివి తాతా!" ఒకడు బండాపి వేడి వేడి మిర్చీలు చేతుల పెట్టి పోతుండె. నేను గోడ చాటుకు మిర్చి తినుకుంట మహిపాల్ దిక్కు చూస్తుంటి. ఆయన కుర్చీల కూసోని పొద్దుందాంక ఆవలింతలు తీస్తుండె. కడుపు సల్లబడ్డది. ఉన్నమాట చెప్తున్న.

తప్పేంది అని మీతోనే పంచాయితి పెట్టుకుందామనుకున్న. స్పీడు తగ్గాలన్నరు, తగ్గింది. ప్రాణాల కోసమైతే నా మెడల దండ వెయ్యాలె. పైసల కోసమైతే చేతులకు బేడీలు వెయ్యాలె. రెండిట్ల ఏదో ఒకటి వెయ్యుండ్రి, తేలిపోతది! గిట్ల అడుగుదామని ఇంట్ల గోడకు చెప్పుకోని ప్రాక్టీసు గూడ చేసిన.

కాని గా పంచాయితి కోసం రాలే ఇయ్యాల.

జూన్ల బడి తెరిచినంక మహిపాల్ నా దుకాణం కాడికి వచ్చిండు. నా గుట్టు పట్టుకున్నడనుకున్న. ఆయన నా చెయ్యి పట్టుకోని, "పెద్దయ్యా, ఈ రోడ్డు మంచిగైంది. రికార్డుల ఎవ్వడు స్పీడు పోతలేడు. సార్లు చూసి వ్యాను ఈడ అక్కర్లేదన్నరు. ఉప్పల్ దాటినంక పోచారం దిక్కు పెడ్తున్నరు, ఆడ కార్లు గాలిల ఎగురుతున్నయట. పోయొస్త," అన్నడు. నాకు దండం పెట్టిండు సారూ! తిట్టినా బాగుండు.

నా గుడ్డ చూసి తగ్గిన స్పీడు అది, రికార్డు అబద్ధమని నాకు తెలుసు. నోరు తెరవలే. పోనీ, పీడ పోయిందనుకున్న.

వారం దినాలు. అంతే, వారం. మల్ల బండ్లు ఎప్పటి లెక్క ఉరుకుడు.

మరి నువ్వు గుడ్డ పట్టుకోని నిలబడాలె గద అంటరు. నిలబడాలె. నిలబడలే. పదహారేండ్లు ఎవలు పిలువకుండ నిలబడ్డ, ఈసారి పిలవాలె అనుకున్న. బడోళ్ళు రావాలె, ఫ్యాక్టరీ ఆడోళ్ళు రావాలె, "రామస్వామీ, నువ్వు లేకపోతె మాతోని అయితలేదు" అనాలె. దుకాణం ముందట ముక్కాలి పీట మీద కూసున్న. పిల్లలు పుస్తకాల సంచులు ఎగరేసుకుంట ఉరికి దాటుతుంటె చూసుకుంట కూసున్న. ఎవలు రాలే.

పోయిన సోమవారం పొద్దుగాల ఎనిమిదిన్నరకు హన్నా దాటుతుంటె ట్రాలీ ఆటో కొట్టింది. కుడి కాలు మోకాలు కింద నుజ్జునుజ్జు. ప్రాణం దక్కింది. కాలు తీస్తరా ఉంచుతరా అనేది ఇంకో నాలుగు దినాలైతె గాని చెప్పలేమన్నరు దవఖానల.

ఆ ఆటో పిలగాడు ఎవలో ఎరికేనా? నాకు దినాం సలాం కొట్టినోడే. నా కాడికే వచ్చిండు. "చాచా, మలుపు కాడ నువ్వు లేవు గద! నువ్వు లేవంటె వ్యాను లేదని అర్థం గద మాకు!" అన్నడు. విన్నరా సారూ? పరంధామయ్య రగుతం చూసి కట్టిన గుడ్డ. మనుషులు దాటుతున్నరు ఆగు అని చెప్పనీకి కట్టిన. నాలుగు నెలల్ల దాన్ని పోలీసులున్నరు జాగ్రత్త అనే గుర్తు చేసిన. నేనే చేసిన.

గట్ల అనకుండ్రి. ఆక్సిడెంటు, ఎవ్వని తప్పు లేదు అనకుండ్రి. నేను ఇంకా మొత్తం చెప్పలే.

హన్నా రోడ్డు అంచున నిలబడ్డది. ఐదు నిమిషాలు నిలబడ్డది. బండ్లు ఆగుతలేవు. షిఫ్టుకు ఆలస్యమైతున్నది. నా దిక్కు చూసింది. చెయ్యి లేపింది, "మామా!" అని.

నేను చూసిన సారూ. కండ్లారా చూసిన.

నా ముందట నీళ్ళ తొట్టి, అండ్ల సైకిల్ ట్యూబు. బుడగలు ఏడికెల్లి వస్తున్నయో చూస్తున్నట్టు తల కిందికి వంచిన. నాకు మతిల ఏమొచ్చిందో తెలుసా? మహిపాల్‌ను పిలుచుకో పో. ముందుగాల ఆయన కాడికే పోయినవ్ గద, ఇప్పుడు గూడ ఆయన్నే పిలుచుకో. గిదే వచ్చింది. గింతంత కేక్ ముక్క కోసం వచ్చింది. తల లేపేసరికి...

నిన్న దవఖానకు పోయిన. షైనీ స్టూలేసింది. హన్నా నా చెయ్యి పట్టుకున్నది. "మామా, నువ్వు సూడలే గద. సూస్తె ఆపెటోనివే," అన్నది. అడుగుతలేదు సారూ, నాకే ధైర్యం చెప్తున్నది. నేను తల ఊపిన. సూడలేదని ఊపిన.

ఆడ అబద్ధమాడొచ్చిన, అందుకే ఈడ నిజం చెప్పుకోనీకొచ్చిన. రాసుకోండ్రి. ఆ నాలుగు నెలల రికార్డు తప్పు. బండ్లు వాటంతట అవి నెమ్మదిగ పోలే, నేను గుడ్డ ఊపి పోనిచ్చిన. గదంత నా పేరు మీద రాసి పైకి పంపుండ్రి, వ్యాను వాపస్ తెప్పియ్యుండ్రి. కేసు పెడ్తరా, పెట్టుండ్రి. మిల్లు కాలంల జైలు లోపట పండుకున్నోన్నే.

ప్రాణాల కోసమా, పైసల కోసమా అని ఇగ నేను అడుగను. పైసల కోసమే పెట్టుండ్రి. లారీల ఎన్క దాసిపెట్టుండ్రి, చెట్టు మీద పెట్టుండ్రి, మీ ఇష్టం. గల్లా పెట్టె నింపుకోండ్రి. పైసలకు ఆశపడ్డోడు దినాం డ్యూటీకన్న వస్తడు. నా లెక్క ఇజ్జత్‌కు ఆశపడ్డోడు, ఇజ్జత్ దొరకని దినం తల వంచుకోని కూసుంటడు.

మహిపాల్‌నే పంపుండ్రి. పిల్లలకు అలవాటైనోడు. నేను గుడ్డ పట్టుకోని బడి ముందట నిలబడ్త, మలుపు కాడ కాదు. మంది మల్ల ఆయన దిక్కే చూస్తరు, ఆయనకే నమస్తే పెడ్తరు. నాకు మల్ల కడుపు మండుతది, మండదని మీకు ఒట్టేసి చెప్పలేను. మండనియ్యుండ్రి.

సంతకం ఏడ పెట్టాలె?