తొట్టిలో ఉండిపోయిన ఉప్పు

పగడాల తొట్టి అద్దం నిండా పాచి పట్టింది, లోపలి పగడాలు తెల్లగా పాలిపోయాయి. బాగుచేయడానికి వచ్చినతను ముందుగా నీళ్లలో ఉప్పెంత ఉందో చూశాడు.

“రోజూ ఏం నీళ్లు పోశారమ్మా?”

“ఉప్పు కలిపినవే. సముద్రపు జీవాలు కదా! ‘మట్టం తగ్గనివ్వకు’ అని మావారు ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ ఒకటే ఫోన్లు.”

“ఆవిరయ్యేది నీళ్లేనమ్మా. ఉప్పు ఇక్కడే ఉండిపోతుంది. తగ్గినంతా మంచినీళ్లే పోయాలి.”

“అయ్యో! నా చేత్తో నేనే చంపానా? ఆయన పోయేదాకా అన్నీ బాగున్నాయనే చెప్పానయ్యా.”

“రాయి వెనక ఒక పగడం బతికే ఉంది, చూడండి. పాచి నేను గీకుతాను. మీరు రోజుకో మగ్గు ఈ ఉప్పునీళ్లు తీసి, మగ్గు మంచినీళ్లు పొయ్యండి.”

“మళ్లీ నన్నే పొయ్యమంటావా?”

“నలభై రోజులూ ఒక్కపూట మానని చెయ్యి ఇంకెవరికుందమ్మా?”