పందిరి పిట్ట మీద ఫిర్యాదు

హలో… ఆ, నేనేలే, డోరీన్‌ని. చెప్పు నెవిల్. మన ఊరి పోటీల షోలో ఫోటోల విభాగం నీ చేతిలోనేగా… మొదటి బహుమతి నాదేనని చెప్పడానికేగా ఫోన్ చేశావు?

ఏంటి, గొంతు సవరించుకుంటున్నావు? నువ్వు గొంతు సవరించావంటే చెడ్డ కబురే. పోయినేడు నా గుమ్మడికాయని పోటీలోంచి పక్కన పెట్టినప్పుడూ ఇలాగే…

ఫిర్యాదా? నా ఫోటో మీదా?… ఎవరు? — ఆగు, చెప్పకు. గ్రాంట్ హోలిస్!… చూశావా! ఏడేళ్లుగా ప్రకృతి విభాగంలో మొదటి బహుమతి ఆయనదే. ఏడేళ్లూ పుట్టగొడుగు ఫోటోయే! నాయనా, పుట్టగొడుగు పరిగెడుతుందా? కూర్చున్నచోటే కూర్చుంటుంది. దాన్ని మా ఆయన క్లెమ్ కూడా తీస్తాడు. క్లెమ్ తీసిన ఫోటోల్లో మా ఇంట్లో ఒక్కరికీ తల ఉండదు.

నేను పదకొండు రోజులు — వింటున్నావా? — పదకొండు రోజులు మా పెరటి వెనక అడవిలో పొట్ట మీద పడుకున్నా, జలగల మధ్య, ఆ పందిరి పిట్ట ఫోటో కోసం. అరవై ఎనిమిదేళ్ల ఆడదాన్ని. వానొస్తే క్లెమ్ నా మీద టార్పాలిన్ కప్పేసి టీ తాగడానికి పోయాడు. కట్టెల మోపుకి కప్పినట్టు!

సరే, ఏమంటాడు?… ప్రకృతి ఫోటోలో మనిషి చేసిన వస్తువు కనబడకూడదు. తెలుసు, మూడో నియమం… ఆ, ప్లాస్టిక్ ఉంది. ఉంటుంది! బట్టల క్లిప్పులు, స్ట్రాలు, ఎవరిదో టూత్‌బ్రష్షు. అన్నీ నీలం. మగపిట్ట పుల్లలతో పందిరేసి, ముందు వాకిట్లో నీలం సామాను పేర్చకపోతే ఆడపిట్ట తొంగి కూడా చూడదు. ఈ కొండ మీద పుట్టినవాడివి, నీకు నేను చెప్పాలా? వాడి తాతలు నీలం పూలూ ఈకలూ పేర్చారు. మనం ఊరంతా చెత్త పారేశాం, వీడు అదే ఏరుకున్నాడు. అందులో మనిషి చెయ్యి పడలేదు నెవిల్, ముక్కు పడింది!

ఏంటీ?… ఏ రిబ్బనూ?… ఉండుండు, కళ్లద్దాలు పెట్టుకోనీ. ఇంకో కాపీ ఇక్కడే గోడకుంది… టూత్‌బ్రష్షు పక్కనా?… ఓరి దేవుడా. "మొదటి బహుమతి, ప్రకృతి" అని దాని మీదే ఉంది. గ్రాంట్ రిబ్బను!… ఉండు, ఊపిరాడట్లేదు… వరండాలో వేలాడదీశాడా? ఏడూనా? వచ్చేపోయేవాళ్లు చూడాలనీ! మన షోలో మొదటి బహుమతికి నీలం రిబ్బనిస్తే పిట్ట ఏం చేస్తాడు? నావన్నీ రెండో బహుమతి ఎర్రవి. అందుకే మా ఇంటి ముఖం కూడా చూడలేదు.

తిరిగిచ్చెయ్యాలా? నేనా? నేనెత్తుకొచ్చానా? వెళ్లి పిట్టనే అడగమను… నెమ్మదిగానే మాట్లాడుతున్నా. నా నెమ్మది ఇంతే.

ఇంకో విభాగంలోకి మారుస్తావా?… ప్రయాణాలు? వాడు గ్రాంట్ వరండా దాటి ఎక్కడికీ పోలేదు!… కుటుంబ జీవితం? నెవిల్, వాడికి కుటుంబమెక్కడిది! జత కట్టాక గూడు కట్టేదీ, పొదిగేదీ, పిల్లల్ని మేపేదీ అంతా ఆడదే. వీడు పందిరి ముందు గంతులేస్తూ ఇంకోదాన్ని పిలుస్తుంటాడు. దాన్ని కుటుంబమని గోడకెక్కించావనుకో, షోకొచ్చిన ప్రతి ఆడదీ "మా ఇంట్లోనూ ఇంతే" అని నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంది… లేదు క్లెమ్, నిన్ను కాదు. నువ్వు నీ కేకు తిను.

నేనొప్పుకోను. ప్రకృతంటే ప్రకృతే. ఫోటో దించారో, శనివారం షో గేటు ముందు నినాదం రాసిన అట్ట పట్టుకుని నిలబడతా. కౌన్సిలు వాళ్లు స్కూలు దగ్గర యూకలిప్టస్ కొట్టేస్తామంటే ఏం చేశానో గుర్తుందా?… ఆ. ఆ చెట్టు ఇంకా ఉంది.

ఒక్క దారుందా?… ఊఁ… ఊఁ… పోటీ జడ్జి గారే అన్నారా? పిట్ట తనంతట తాను తెచ్చుకున్నవైతే పరవాలేదనీ? మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! అరగంట అరిపించావు!… అయితే బహుమతి నాదేనా?… అంతేనా?… క్లెమ్! క్లెమ్, మొదటి బహుమతి!… సంతకమా? పెడతా, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా. ఏమని?

"ఆ వస్తువుల్లో ఒక్కటి కూడా నేను గానీ మా ఇంట్లోవాళ్లు గానీ అక్కడ పెట్టలేదు."

…

ఉన్నాను నెవిల్. లైను బాగానే ఉంది.

…

ఒక్కటి. — ఒక్క పాలసీసా మూత. నీలంది. పదకొండో రోజు. నడుం పట్టేసింది, వాడు రాడు, వెలుతురు పోతోంది… పందిరికి రెండడుగుల దూరంలో గడ్డిలో పడేశా. నిమిషంలో దిగాడు. తీసుకెళ్లి టూత్‌బ్రష్షు పక్కనే పెట్టుకుని, నా వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడే కెమెరా నొక్కాను.

ఎవరికీ తెలియదా? నాకు తెలుసుగా!… నువ్వు చాలా మంచివాడివి నెవిల్, నోరు మూసుకో. నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో అబద్ధం మీద సంతకం పెట్టిన ప్రతివాణ్ణీ వీధిలో నిలబెట్టి తిట్టాను. ఇప్పుడు పాలసీసా మూత కోసం నేనే పెట్టాలా?

కొట్టెయ్. బహుమతి జాబితాలో నా పేరు కొట్టెయ్… ఆ, గ్రాంట్‌కే ఇవ్వు. పుట్టగొడుగుకే ఇవ్వు… ఏడవట్లేదు. జలుబు.

కానీ ఫోటో దించడానికి వీల్లేదు. అది అక్కడే ఉంటుంది, కింద కార్డు ఉంటుంది. పెన్నుందా?… రాయి. పెద్దక్షరాలు. "అనర్హం." ఆ. "తప్పు డోరీన్ ప్రాట్‌ది. పిట్టది కాదు. పిట్ట ఏ నియమమూ మీరలేదు."

గ్రాంట్ ఒప్పుకోకపోవడమేంటి? ఆయన పేరే లేదు కదా అందులో!… కాదన్నాడో, ఆయన పేరూ రాస్తా, రిబ్బను కథా రాస్తానని చెప్పు… ఒప్పుకుంటాడులే.

చదువు ఓసారి… ఊఁ… ఆ "కాదు" కింద గీత గియ్యి.

…ఇంకో గీత.

ఆ. ఇక ఫోన్ పెట్టెయ్.