గాలి ఎవరికి అయిపోయింది

పడవ ఒడ్డుకు కట్టేసి ఉంది. చెక్కబల్ల మీద తడి దుస్తుల్లో ఇద్దరు వియ్యంకులు, ఇంజినీరూ మాస్టారూ; పక్కన వాళ్ళు వీపుకు కట్టుకుని సముద్రంలోకి దిగిన గాలి సిలిండర్లు. ఎదురుగా రిజిస్టరు తెరిచి పట్టుకుని పడవ నడిపే ఆవిడ.

"నీళ్ళలో గాలి అయిపోయింది ఎవరికో చెప్పండి. ఒక్క ముక్క రాసుకుని వెళ్ళిపోతాను."

"రాయడం ఎందుకమ్మా, ఇద్దరం క్షేమంగా పైకొచ్చాంగా."

"రాయాలి ఇంజినీరుగారూ. రాయకపోతే రేపు మీ ఇద్దర్నీ దింపను."

"అయితే రాసుకోండి. మాస్టారికి అయిపోయింది. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు మాస్టారూ, కొత్తవాళ్ళు కంగారులో గాలి గబగబా పీల్చేస్తారు."

"నాకా? నాకెక్కడ అయిపోయింది బావగారూ? అయిపోయింది మీకు. మర్యాద కాదని ఊరుకున్నాను."

"నాకు అయిపోవడమేమిటండీ. పదిహేనేళ్ళుగా దిగుతున్నాను. డైవింగ్ కోర్సులు పాసైన కార్డులే తొమ్మిదున్నాయి నాకు."

"కార్డుల్లోంచి గాలి రాదు కదండీ."

"ఆగండాగండి. మొదట్నుంచీ చెప్పండి. మునిగిపోయిన ఓడ దగ్గరికి వెళ్ళారు. తర్వాత?"

"పద్దెనిమిది మీటర్ల లోతు. ఓడకి చేపల వల ఒకటి చిక్కుకుని వేలాడుతోంది. మాస్టారు చూసుకోకుండా దాని మీదికే పోతున్నారు. ఆగమని సైగ చేశాను."

"ఆగమని కాదు."

"ఆగమనే. ఇదిగో, ఇలా, పిడికిలి."

"ఆ పిడికిలి ఎక్కడ పెట్టారు? గుండె మీద. గుండె మీద పిడికిలి పెడితే గాలి తగ్గిపోతోందని అర్థం. మాకు మొదటి రోజే నేర్పారు."

"అది మీ నాలుగు రోజుల కోర్సులో. మా పై కోర్సుల్లో పిడికిలంటే ఆగు. అంతే."

"ఎదుటివాడికి అది ఏ కోర్సు పిడికిలో ఎలా తెలుస్తుందండీ?"

"సరే మాస్టారూ. పిడికిలి చూశారు. చూసి?"

"చూసి ఏం చేస్తానమ్మా. నా పసుపుపచ్చ గొట్టం తీశాను. అది అదనంగా ఉండేది, అవతలివాళ్ళకి ఇవ్వడానికే. అది పట్టుకుని బావగారి దగ్గరికి ఒక్క పరుగున..."

"నీళ్ళలో పరుగేమిటి."

"ఈదాను. సరేనా? తప్పులు పట్టడానికి మాస్టర్ని నేనా, మీరా?"

"చూశారా అమ్మా, ఆయన నోటే చెప్పారు. చేతిలో గొట్టం, కళ్ళు ఇంతింత చేసుకుని మీదికొచ్చేస్తున్నారు మనిషి. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఇవ్వడానికొస్తున్నాడు అనుకుంటారు."

"గాలి రావట్లేదు, గొట్టం చేత్తో పట్టుకుని అల్లాడిపోతున్నాడు అనుకుంటారు. అలాంటివాడు కనబడితే నా నోట్లోది తీసి ఇచ్చెయ్యాలి, నా మెడ కింద వేలాడే రెండోది నేను పెట్టుకోవాలి. మా శిక్షణ అది. క్షణం ఆలోచించలేదు. ఇచ్చేశాను."

"ఇచ్చారా? మూతి మీద పొడిచారు. నా నోట్లో ఉన్నది ఊడి ఎటో పోయింది."

"మీరు మాత్రం? నేను మెడ కిందది తడుముకుంటుంటే మీ పసుపుపచ్చది తెచ్చి నా నోట్లో కుక్కారు."

"అదే ఇవ్వడం."

"దిగే ముందు మాట్లాడుకోలేదా? ఎవరికి ఏ సైగ నేర్పారు, ఎవరి గొట్టం ఎక్కడుంటుంది, ఇవన్నీ?"

"నా వెనకే రండి, చాలు అన్నాను."

"నాకు అడగాలనే ఉంది. తొమ్మిది కార్డుల మనిషిని అడిగితే, ఈ ఆడపిల్ల తండ్రికి ఏమీ తెలీదు అనుకుంటారని నోరు మూసుకున్నాను."

"ఇందులోకి ఆడపిల్ల తండ్రి ఎందుకొచ్చాడు మాస్టారూ?"

"ఎక్కడికెళ్ళినా అతను వస్తాడు బావగారూ. మూడు నెలలుగా అమ్మాయి మా ఇంట్లోనే ఉంది. మనం ఇంత దూరం వచ్చింది చేపల్ని చూడ్డానికేం కాదు."

"కాదు. కూర్చుని మాట్లాడుకుందామని వచ్చాం. వారం రోజుల్నుంచి వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం."

"మరి ఇప్పుడు అడుగుతున్నాను. మీవాడు ఒక్కసారైనా దాన్ని పలకరించాడా? ఉన్నావా, పోయావా అన్నాడా? అది పైకి ఏమీ అనదు గానీ, ఫోను మాత్రం పక్కలోనే పెట్టుకుంటుంది."

"వెళ్ళానంటున్నాడు."

"ఎవరు?"

"మావాడే. ఇంటి దాకా వెళ్ళానంటాడు. నేనే నమ్మలేదు. వెళ్తే కోడలు నాతో చెప్పేది కాదా, అబద్ధాలాడకు అని చెడామడా తిట్టాను. అప్పట్నుంచి నాతోనూ మాట్లాడ్డం లేదు... ఏం మాస్టారూ, ముఖం అటు తిప్పుకున్నారు?"

"ఏం లేదు. చలిగాలి."

"ఇదిగో, తువ్వాలు కప్పుకోండి. ఇంటి సంగతులు తర్వాత మాట్లాడుకుందురు గానీ, నా రిజిస్టరు తేల్చండి. నేను పైనుంచి చూసేసరికి ఇంజినీరుగారి గొట్టం మాస్టారి నోట్లో, మాస్టారి గొట్టం ఇంజినీరుగారి నోట్లో. అలా తేలినవాళ్ళని ఇంతవరకూ చూళ్ళేదు."

"చేతికి ఏది దొరికితే అది నోట్లో పెట్టుకున్నానమ్మా. కళ్ళు తెరిచేసరికి అదీ పరిస్థితి. మార్చుకుందామంటే భయమేసింది."

"అయినా పద్ధతి తప్పలేదు. పైకొచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాం."

"ఆపింది బావగారే. నేనైతే ఒక్క ఊపున పైకొచ్చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకునేవాణ్ణి. నా భుజం వదల్లేదు ఆయన. అది ఒప్పుకోవాలి."

"మీరు నాది వదిలారా ఏం? ఇక్కడ చూడండి, గోళ్ళ గుర్తులు."

"ప్రేమలు సరే. గాలి ఎవరికి అయిపోయింది?"

"బావగారికి."

"మాస్టారికి."

"ఉండండి, మీటర్లే చూస్తాను. ఈ సిలిండరు ఎవరిది?"

"నాది."

"మాస్టారిది, నూట ఇరవై. అది మీదేగా ఇంజినీరుగారూ? నూట ముప్పై."

"అంటే?"

"నిండుగా ఉంటే రెండొందలు. ఇద్దరికీ సగానికి పైనే ఉంది."

"మీటరు చెడిపోయుంటుంది."

"రెండూనా? రెండు సిలిండర్లలో గాలి. నాలుగు గొట్టాలు. మనుషులిద్దరే. ఏ రకంగా చూసినా మీకు ఊపిరాడకపోవడానికి కారణం కనబడ్డం లేదు. ఇప్పుడు చెప్పండి, ఏం రాసుకోను?"

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నారని రాసుకోండి. పోన్లెండి మాస్టారూ, నవ్వుకోవాల్సిన సంగతి. మీకు లేదని నేనిచ్చాను, నాకు లేదని మీరిచ్చారు. తల దించుకుంటారెందుకు?"

"నవ్వు రావట్లేదు బావగారూ."

"అయ్యో, నేనేం మనసులో పెట్టుకోను."

"అది కాదు. మీవాడు అబద్ధం చెప్పలేదు. పోయిన నెల వచ్చాడు. చేతిలో ఏదో సంచి, ముఖం ఎర్రగా, విసురుగా గేటు తోసుకుంటూ వచ్చాడు. గొడవకొచ్చాడనుకుని గుమ్మంలోంచే పంపేశాను, అమ్మాయికి ఈ రోజుకీ చెప్పలేదు."